కోజుల్ డ్యువాలిటీ: ఒక్క చరరాశితో మొదలుపెట్టి స్పేస్‌ల దాకా, చేత్తో లెక్కగడుతూ

హోమోటోపీ థియరీ చదివేవాళ్ళకి కొన్ని జంటలు మాటిమాటికీ తగులుతుంటాయి. బహుపదుల ఆల్జీబ్రా పక్కన ఎక్స్‌టీరియర్ ఆల్జీబ్రా ఉంటుంది, కమ్యూటేటివ్ ఆల్జీబ్రాల పక్కన లీ ఆల్జీబ్రాలు ఉంటాయి, ఒక స్పేస్ పక్కన దాని లూప్ స్పేస్ (ఒక బిందువు దగ్గర మొదలై అక్కడికే తిరిగొచ్చే దారులన్నీ కలిసిన స్పేస్) ఉంటుంది. చూడ్డానికి మూడూ వేరు వేరు కథలు, కానీ వెనకాల తిరిగే యంత్రం ఒకటే. దాని పేరు బార్ కన్‌స్ట్రక్షన్, దాంతో వచ్చే జంటల సంబంధాన్నే కోజుల్ డ్యువాలిటీ అంటున్నాం.

చాలామంది దీన్ని ఆపరాడ్‌ల నుంచో, ఇన్ఫినిటీ కేటగిరీల నుంచో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఒకే ఒక్క చరరాశి ఉన్న మూడు ఆల్జీబ్రాలు చేత్తో లెక్క కట్టకుండా పైకి వెళ్ళకండి. ఆ మూడింట్లోనే అసలు సంగతులన్నీ ఉన్నాయి, ఏది తిరిగి వస్తుందో ఏది పోతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. టెన్సర్ ప్రాడక్ట్, చెయిన్ కాంప్లెక్స్, హోమాలజీ అంటే ఏమిటో తెలిస్తే చాలు, ఒక నోట్‌బుక్ తీసుకుని కూర్చోండి.

మొదటి మెట్టు: సరంజామా

ఒక క్షేత్రం తీసుకుని దాన్ని "క" అందాం. దాని మీద ఒక ఆల్జీబ్రా "ఆ". చరరాశిని "చ" అని రాస్తాను. ఆల్జీబ్రా ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ నుంచి క కి వెళ్ళే ఒక ఆగ్మెంటేషన్ కూడా కావాలి, అంటే "చరరాశి స్థానంలో సున్నా పెట్టు" లాంటి హోమోమార్ఫిజం. దీన్ని లాంఛనం అనుకుని దాటేయొద్దు. ఆగ్మెంటేషన్ ఎంచుకోవడమంటే ఒక బిందువు దగ్గర నిలబడటం, ఇక మీదట జరిగే లెక్కంతా ఆ బిందువు చుట్టుపక్కలే చూస్తుంది. ఈ మాట నాలుగో మెట్టులో చాలా అవసరమవుతుంది. ఆగ్మెంటేషన్‌లో సున్నాకి వెళ్ళే మూలకాలన్నిటినీ కలిపి ఆగ్మెంటేషన్ ఐడియల్ అంటారు.

నోట్‌బుక్‌లో ప్రతి మూలకం పక్కన రెండు సంఖ్యలు రాసుకోండి. ఒకటి డిగ్రీ, అంటే హోమాలజీలో అది ఎక్కడ కూర్చుంటుందో. రెండోది వెయిట్, అంటే అందులో మొత్తం ఎన్ని చరరాశులున్నాయో. డిఫరెన్షియల్ డిగ్రీని ఒకటి తగ్గిస్తుంది, వెయిట్‌ని ముట్టుకోదు, కాబట్టి ఒక్కో వెయిట్‌కి విడిగా లెక్క చేసుకోవచ్చు. అనంతంగా కనిపించే కాంప్లెక్స్ అలా చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది.

గుర్తుల నియమం ఒక్కటే: ప డిగ్రీ ఉన్న వస్తువు, బ డిగ్రీ ఉన్న వస్తువు ఒకదాన్నొకటి దాటితే (−1) కి ప×బ ఘాతం వస్తుంది. దీన్నే కోజుల్ గుర్తుల నియమం అంటారు. ఎక్కడైనా గుర్తు తప్పితే డిఫరెన్షియల్‌ని రెండుసార్లు వేసినప్పుడు సున్నా రాదు, కాబట్టి ప్రతిసారీ రెండుసార్లు వేసి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

రెండో మెట్టు: బార్ కట్టడం

ఆగ్మెంటేషన్ ఐడియల్‌లోని మూలకాల్ని అక్షరాలనుకోండి, వాటితో పదాలు రాయండి: [అ|ఇ|ఉ] ఇలాగ. మధ్యలో ఉన్న ఆ నిలువు గీతల వల్లే దీనికి బార్ అని పేరు. ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్ 1950ల మొదట్లో ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. అక్షరాల డిగ్రీ సున్నా అయితే పదం పొడవే దాని డిగ్రీ.

డిఫరెన్షియల్ ఏం చేస్తుందంటే, ఒక్కో గీతని చెరిపేసి అటూ ఇటూ ఉన్న అక్షరాల్ని గుణిస్తుంది, గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారుతుంటాయి. మూడక్షరాల పదానికి [అఇ|ఉ] − [అ|ఇఉ] వస్తుంది. ఇంకోసారి వేస్తే [అఇఉ] − [అఇఉ], అంటే సున్నా. ఈ సున్నా రావడానికి కావలసింది గుణకారం అసోసియేటివ్ కావడమే. అసోసియేటివిటీ అనే నియమం, "డిఫరెన్షియల్ రెండుసార్లు వేస్తే సున్నా" అనే వాక్యం, రెండూ ఒకటే మాటని రెండు భాషల్లో చెప్పడం. ఈ ఒక్క విషయం మనసుకి ఎక్కితే మిగతా సగం దానంతట అదే వస్తుంది.

అలాగే పదాన్ని ఏ గీత దగ్గరైనా రెండుగా తెంచొచ్చు. అది కోప్రాడక్ట్. అంటే ఆల్జీబ్రాని లోపల పెడితే బయటికి కోఆల్జీబ్రా వచ్చింది. గుణకారమేమో డిఫరెన్షియల్‌లోకి వెళ్ళి దాక్కుంది.

మూడో మెట్టు: మొదటి రెండు ఆల్జీబ్రాలు

మొదటిది, చ² = 0 అయిన ఆల్జీబ్రా. ఐడియల్‌లో చ తప్ప ఇంకేం లేదు, కాబట్టి పదాలు [చ], [చ|చ], [చ|చ|చ]… ఒక్కో పొడవుకి ఒక్కటే. ఏ గీత చెరిపినా చ² వస్తుంది, అది సున్నా. డిఫరెన్షియల్ పూర్తిగా సున్నా, అన్ని పదాలూ హోమాలజీలో బతికిపోయాయి. రేఖీయ డ్యువల్ తీసుకుంటే పదాల్ని తెంచడం కాస్తా పదాల్ని అతికించడంగా మారుతుంది, అంటే ఒక్క జనకం (జనరేటర్) ఉన్న బహుపదుల ఆల్జీబ్రా చేతికొచ్చింది. జనకం డిగ్రీ 1, కానీ దాని వర్గం సున్నా కాదు, ఇది గమనించండి.

రెండోది, ఏ నియమమూ లేని బహుపదుల ఆల్జీబ్రా. ఇక్కడ తొందరపడకుండా వెయిట్ 3 ని పూర్తిగా రాద్దాం. పదాలు నాలుగే ఉన్నాయి:

డిగ్రీ 3: [చ|చ|చ]
డిగ్రీ 2: [చ|చ²], [చ²|చ]
డిగ్రీ 1: [చ³]

[చ|చ|చ] మీద డిఫరెన్షియల్ వేస్తే [చ²|చ] − [చ|చ²]. డిగ్రీ 2 లో ఉన్న రెండు పదాల్లో దేని మీద వేసినా [చ³]. డిగ్రీ 2 లో సైకిల్స్ అంటే ఆ రెండు పదాల తేడాయే, అదేమో పైనుంచి వచ్చేసింది. [చ³] కూడా పైనుంచి వచ్చిందే. కాబట్టి హోమాలజీ ఏమీ మిగల్లేదు. డైమెన్షన్లు 1, 2, 1, గుర్తులు మార్చి కూడితే సున్నా. వెయిట్ 4 లో 1, 3, 3, 1 వస్తాయి, మీరే రాసి చూడండి. 4 ని వరుస ముక్కలుగా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో అన్ని పదాలు, అంటే 8. వెయిట్ 2 నుంచి పైకి ఎక్కడా హోమాలజీ ఉండదు. వెయిట్ 0 లో ఖాళీ పదం, వెయిట్ 1 లో [చ], ఆ రెండే మిగులుతాయి. డ్యువల్ తీస్తే రెండు డైమెన్షన్లున్న ఆల్జీబ్రా, వర్గం సున్నా.

అంటే చ² = 0 నుంచి బహుపదులు వచ్చాయి, బహుపదుల నుంచి వర్గం సున్నా అయ్యేది వచ్చింది. నియమం ఉన్నచోట స్వేచ్ఛ, స్వేచ్ఛ ఉన్నచోట నియమం.

నాలుగో మెట్టు: తిరిగి వచ్చేటప్పుడు ఏం పోతుంది

ఇప్పుడు బహుపదుల నుంచి బయల్దేరి రెండుసార్లు డ్యువల్ తీసుకోండి (ఇక్కడ డ్యువల్ అంటే బార్ కట్టి, దానికి రేఖీయ డ్యువల్ తీయడం). బహుపదులే తిరిగి రావాలి కదా? రావు, ఘాత శ్రేణులు వస్తాయి. కారణం సులువే. రెండోసారి బార్ కట్టినప్పుడు ప్రతి పొడవుకీ ఒక పదం వస్తుంది, డిగ్రీలు సర్దుకుని అవన్నీ డిగ్రీ సున్నాలోనే చేరతాయి. అనంతమైన డైరెక్ట్ సమ్‌కి డ్యువల్ తీస్తే ప్రాడక్ట్ అవుతుంది, పరిమిత మొత్తాల బదులు అనంత మొత్తాలు వచ్చి పడతాయి.

ఇంకో ఉదాహరణ చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. చ కి విలోమం కూడా ఉన్న లోరాన్ బహుపదులు తీసుకుని, చ స్థానంలో 1 పెట్టే ఆగ్మెంటేషన్ ఎంచుకోండి. దీనికీ, మామూలు బహుపదుల్లో సున్నా దగ్గర నిలబడితే వచ్చేదానికీ డ్యువల్ ఒకటే. ఎందుకంటే ఆ బిందువుల చుట్టుపక్కల రెండూ ఒకేలా ఉంటాయి, దూరంగా ఏముందో మన యంత్రానికి కనపడదు.

కాబట్టి డ్యువల్‌కి డ్యువల్ అసలుదే అవుతుందని ఎక్కడైనా చదివితే, ఏ షరతు మీద అని అడగండి. షరతు అక్కర్లేని వాక్యం కూడా ఒకటుంది: బార్ కట్టిన కోఆల్జీబ్రాని రేఖీయ డ్యువల్ చేయకుండా అలాగే ఉంచి, దాని మీద కోబార్ కన్‌స్ట్రక్షన్ (బార్‌ని తిరగేసి, కోఆల్జీబ్రా నుంచి ఆల్జీబ్రాని కట్టడం) చేస్తే అసలు ఆల్జీబ్రాకి క్వాసీ ఐసోమార్ఫిక్ (హోమాలజీలో తేడా కనపడనిది) అయినదే వస్తుంది. ఇది ఎప్పుడూ నిజం. అందుకే నేను వీలైనంతవరకు కోఆల్జీబ్రా దగ్గరే ఉండమంటాను, ఆల్జీబ్రాలోకి మార్చుకోవడం సౌకర్యం కోసమే, దానికి కంప్లీషన్ (పైన బహుపదులు ఘాత శ్రేణులైనట్టు) రూపంలో మూల్యం చెల్లించాలి.

ఐదో మెట్టు: చ³ = 0

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే. ఇందాకటి వెయిట్ 3 పట్టికకి వెళ్ళి [చ³] ని కొట్టేయండి, ఎందుకంటే ఇక్కడ అది సున్నా. ఇప్పుడు [చ|చ²], [చ²|చ] రెండూ సైకిల్సే. వాటి తేడా మాత్రం [చ|చ|చ] నుంచి వచ్చింది. అంటే డిగ్రీ 2, వెయిట్ 3 దగ్గర సరిగ్గా ఒక క్లాస్ మిగిలింది. అది చ³ = 0 అనే నియమానికి గుర్తుగా పుట్టిన క్లాస్.

డ్యువల్ వైపు చూస్తే జనకాలు రెండు: డిగ్రీ 1 లో ప, డిగ్రీ 2 లో ఫ. ప వర్గం సున్నా. ఇప్పుడు చ⁴ = 0 కి కూడా చేయండి. మళ్ళీ డిగ్రీ 1 లో ఒకటి, డిగ్రీ 2 లో ఒకటి, మళ్ళీ ప వర్గం సున్నా. వెయిట్ పక్కన పెడితే రెండు డ్యువల్ ఆల్జీబ్రాలూ అచ్చం ఒకటే! మరి 3 కీ 4 కీ ఉన్న తేడా ఎక్కడికి పోయింది?

అది పైస్థాయి గుణకారాల్లో ఉంది. చ³ = 0 విషయంలో మూడు ప లని ఒకేసారి తీసుకునే ఒక ఆపరేషన్ ఉంటుంది, దాని ఫలితం ఫ. చ⁴ = 0 విషయంలో నాలుగు ప లని తీసుకునే ఆపరేషన్ ఫ ని ఇస్తుంది. ఇలాంటి ఆపరేషన్లన్నీ కలిసిన నిర్మాణమే స్టాషెఫ్ 1963 లో తెచ్చిన ఏ-ఇన్ఫినిటీ నిర్మాణం. హోమాలజీ తీసేసుకుని మామూలు గుణకారం మాత్రమే రాసుకుంటే సమాచారం పోతుంది అనే మాటకి ఇంతకన్నా చిన్న రుజువు నాకు కనపడలేదు. చ² = 0 కి మాత్రం రెండు ప ల గుణకారమే ఆ కొత్త క్లాస్, అందుకే అక్కడ పైస్థాయి ఆపరేషన్ల అవసరం రాలేదు.

ఆరో మెట్టు: దగ్గరి దారి ఎప్పుడు పట్టొచ్చు

నియమాలన్నీ వర్గ స్థాయివైతే, అంటే ప్రతి నియమం రెండక్షరాల మొత్తమే అయితే, బార్ అంతా కట్టక్కర్లేదు. స్టువర్ట్ ప్రిడ్డీ 1970 లో చూపించిన దారి ఇది. జనకాల వెక్టార్ స్పేస్‌కి డ్యువల్ తీసుకోండి, నియమాల స్పేస్‌కి లంబంగా ఉన్న స్పేస్‌ని కొత్త నియమాలుగా పెట్టండి. చ, ట అనే రెండు చరరాశులు కమ్యూట్ అయ్యే బహుపదుల్ని చూడండి. రెండక్షరాల పదాలు నాలుగు: చచ, చట, టచ, టట. నియమం ఒక్కటే, చట − టచ. దానికి లంబంగా మూడు డైమెన్షన్లు మిగులుతాయి: చచ, టట, చట + టచ. కొత్త ఆల్జీబ్రాలో ఇవి సున్నా, అంటే వర్గాలు సున్నా, క్రమం మారిస్తే గుర్తు మారుతుంది. ఎక్స్‌టీరియర్ ఆల్జీబ్రా వచ్చేసింది.

ఈ దగ్గరి దారిలో వచ్చిందీ బార్ హోమాలజీ నుంచి వచ్చేదీ ఒకటే అయితే ఆ ఆల్జీబ్రాని కోజుల్ ఆల్జీబ్రా అంటారు. జాన్-లూయీ కోజుల్ 1950 లో లీ ఆల్జీబ్రాల కోహోమాలజీ మీద పనిచేసేటప్పుడు వాడిన కాంప్లెక్స్ నుంచే ఈ పేరు. ఒక త్వరిత పరీక్ష ఉంది. రెండు ఆల్జీబ్రాల డైమెన్షన్లనీ శ్రేణులుగా రాసి, రెండోదానిలో బేసి స్థానాల గుర్తులు మార్చి గుణిస్తే 1 రావాలి. మన ఉదాహరణలో 1, 2, 3, 4… ఒకవైపు, 1, −2, 1 ఇంకోవైపు. రెండో స్థానంలో 3 − 4 + 1, మూడో స్థానంలో 4 − 6 + 2, అన్నీ సున్నాలే. పరీక్ష తప్పితే ఆల్జీబ్రా కోజుల్ కాదని తేల్చేయొచ్చు. నెగ్గితే మాత్రం కోజుల్ అని చెప్పలేం, 1995 లో పోసిత్సెల్‌స్కీ, రూస్ విడివిడిగా దీనికి ప్రత్యుదాహరణలు ఇచ్చారు. గట్టి పరీక్ష కావాలంటే డ్యువల్ కోఆల్జీబ్రానీ ఆల్జీబ్రానీ టెన్సర్ చేసి మెలితిప్పిన కోజుల్ కాంప్లెక్స్ ఎసైక్లిక్ (మొదటి క తప్ప హోమాలజీ ఏమీ మిగలనిది) అవునో కాదో చూడాల్సిందే.

ఏడో మెట్టు: ఆల్జీబ్రాల నుంచి ఆల్జీబ్రా రకాలకి

ఆపరాడ్ అంటే ఒక రకం ఆల్జీబ్రాలో ఉండే ఆపరేషన్లన్నిటి పట్టిక. గింజ్‌బర్గ్, కప్రానోవ్ 1994 లో ఇదే డ్యువాలిటీని ఆపరాడ్‌లకి తీసుకొచ్చారు. కమ్యూటేటివ్, లీ జంట ఎలా వస్తుందో మూడక్షరాల దగ్గర చూస్తే చాలు.

ఒక సౌష్ఠవ గుణకారం ఉందనుకోండి, ఇంకా నియమాలేవీ పెట్టలేదు. మూడు అక్షరాల్ని ఒక్కొక్కసారే వాడి ఎన్ని రకాలుగా గుణించొచ్చు? (అఇ)ఉ, (ఇఉ)అ, (ఉఅ)ఇ. మూడే. కమ్యూటేటివ్, అసోసియేటివ్ కావాలంటే మూడూ సమానం కావాలి, అంటే రెండు స్వతంత్ర నియమాలు. వాటికి లంబంగా ఒక్క డైమెన్షన్ మిగులుతుంది, మూడింటి మొత్తం. డ్యువల్ తీసేటప్పుడు గుర్తు మారుతుంది, సౌష్ఠవ గుణకారం కాస్తా ప్రతిసౌష్ఠవ బ్రాకెట్ అవుతుంది. ఆ మూడు బ్రాకెట్ల మొత్తం సున్నా అనడం జకోబీ ఐడెంటిటీయే! జకోబీని ఎవరో పైనుంచి తెచ్చి పెట్టింది కాదు, కమ్యూటేటివ్ అసోసియేటివ్ నియమాలకి లంబంగా నిలబడ్డ ఒకే ఒక్క నియమం అది. అసోసియేటివ్ ఆపరాడ్‌కి డ్యువల్ మళ్ళీ అసోసియేటివే, అందుకే మొదటి మెట్లలో ఆల్జీబ్రా నుంచి కోఆల్జీబ్రాకి వెళ్ళినా రకం మారలేదు.

ఎనిమిదో మెట్టు: స్పేస్‌ల దగ్గరికి

సింప్లీ కనెక్టెడ్ (ఏ లూప్‌నైనా ఒక బిందువుగా కుదించగలిగే) స్పేస్ తీసుకుంటే దాని చెయిన్‌లు ఒక కోఆల్జీబ్రా. దాని మీద కోబార్ కడితే లూప్ స్పేస్ చెయిన్‌లు వస్తాయని ఫ్రాంక్ ఆడమ్స్ 1956 లో నిరూపించాడు. రెండు డైమెన్షన్ల గోళం తీసుకోండి. దాని కోహోమాలజీలో డిగ్రీ 0 లో ఒకటి, డిగ్రీ 2 లో ఒకటి, వర్గం సున్నా. ఇది మనం మొట్టమొదట చేసిన చ² = 0 లెక్కే, డిగ్రీ మాత్రం మారింది! ఒక్కో పొడవుకి ఒక పదం, ఒక్కో పదం డిగ్రీ దాని పొడవంతే. లూప్ స్పేస్ హోమాలజీలో ప్రతి డిగ్రీకీ ఒక్కొక్క డైమెన్షన్ ఉంటుందని అప్పుడే లెక్క కట్టేశారన్నమాట.

పరిమేయ సంఖ్యల మీద ఇంకో అడుగు వేయొచ్చు. క్విలెన్ 1969 లో సింప్లీ కనెక్టెడ్ స్పేస్‌ల పరిమేయ హోమోటోపీ థియరీ, కనెక్టెడ్ డిఫరెన్షియల్ గ్రేడెడ్ లీ ఆల్జీబ్రాల హోమోటోపీ థియరీ ఒకటేనని చూపించాడు. సలివన్ 1977 లో కమ్యూటేటివ్ ఆల్జీబ్రాల వైపు నుంచి అదే చేశాడు. రెండు దారులు ఉండటం కాకతాళీయం కాదు, అది ఏడో మెట్టులోని జంటే. రెండు డైమెన్షన్ల గోళానికి లీ ఆల్జీబ్రా డిగ్రీ 1 లో ఒక్క జనకం ఉన్న స్వేచ్ఛా లీ ఆల్జీబ్రా. జనకం బేసి డిగ్రీ కాబట్టి తనతో తన బ్రాకెట్ సున్నా కాదు, డిగ్రీ 2 లో నిలబడుతుంది. మూడోసారి బ్రాకెట్ వేస్తే జకోబీ దాన్ని సున్నా చేసేస్తుంది. డిగ్రీ ఒకటి జరిపి చదవండి: రెండో హోమోటోపీ గ్రూప్‌లో ఒక డైమెన్షన్, మూడో దాంట్లో ఒకటి, మిగతావన్నీ పరిమేయంగా సున్నా. ఆ మూడోది హాప్ఫ్ మ్యాప్ (మూడు డైమెన్షన్ల గోళం నుంచి రెండు డైమెన్షన్ల గోళానికి వెళ్ళే మ్యాప్). అదే మూడు డైమెన్షన్ల గోళానికైతే జనకం డిగ్రీ 2, సరి సంఖ్య, బ్రాకెట్ సున్నా, అందుకే అక్కడ ఒక్కటే మిగులుతుంది.

జాగ్రత్తపడాల్సిన చోట్లు

సింప్లీ కనెక్టెడ్ అనే షరతుని వదిలేస్తే దెబ్బ తింటాం. పాయింకరే హోమాలజీ గోళంలోంచి ఒక బిందువు తీసేయండి. హోమాలజీ చూస్తే ఒక్క బిందువుకి ఉన్నదే, కానీ ఫండమెంటల్ గ్రూప్‌లో 120 మూలకాలు ఉన్నాయి. చెయిన్ కోఆల్జీబ్రాని క్వాసీ ఐసోమార్ఫిజం వరకే పట్టించుకుంటే ఆ 120 మూలకాలూ కనపడకుండా పోతాయి. నాలుగో మెట్టులో చూసిన సమస్యే ఇంకో వేషంలో వచ్చింది.

రెండో చోటు, క్షేత్రం లక్షణం (క్యారెక్టరిస్టిక్) సున్నా కాకపోవడం. అక్కడ సౌష్ఠవ మూలకాలూ, సౌష్ఠవం వల్ల ఏకం చేసిన మూలకాలూ ఒకటి కావు, కాబట్టి కమ్యూటేటివ్, లీ జంటని మామూలు పద్ధతిలో వాడకండి. కమ్యూటేటివ్ బదులు ఈ-ఇన్ఫినిటీ ఆల్జీబ్రాలు (గుణకారం హోమోటోపీ వరకే కమ్యూటేటివ్ అయినవి) కావాలి. మాండెల్ 2001 లో పీ-యాడిక్ (ఒక ప్రధాన సంఖ్య పీ దగ్గర చూసే) హోమోటోపీకి వాటినే వాడాడు. స్పెక్ట్రాల్లో (స్టేబుల్ హోమోటోపీలో స్పేస్‌ల బదులు వాడే వస్తువుల్లో) కూడా ఈ జంట బతికే ఉంది. ఐడెంటిటీ ఫంక్టర్‌కి గుడ్‌విల్లీ డెరివేటివ్‌లు (టేలర్ శ్రేణి గుణకాల్లాంటివి) ఒక ఆపరాడ్ అవుతాయని, అది కమ్యూటేటివ్ ఆపరాడ్‌కి బార్ కట్టి డ్యువల్ తీస్తే వచ్చేదేనని మైకేల్ చింగ్ 2005 లో చూపించాడు. దాన్ని ఇప్పుడు స్పెక్ట్రల్ లీ ఆపరాడ్ అంటున్నారు.

ఇప్పుడు మీ వంతు. రెండు డైమెన్షన్ల గోళాలు రెండు తీసుకుని ఒక బిందువు దగ్గర అతికించండి. కోహోమాలజీలో డిగ్రీ 2 లో రెండు జనకాలు, లబ్ధాలన్నీ సున్నా. లూప్ స్పేస్ హోమాలజీలో రెండక్షరాలతో రాసే పదాలన్నీ వస్తాయి, ఒక్కో పొడవుకి 2, 4, 8 అలాగ. పరిమేయ హోమోటోపీకి డిగ్రీ 1 లో రెండు జనకాలున్న స్వేచ్ఛా లీ ఆల్జీబ్రా రాయండి, బేసి జనకాలు కాబట్టి తమతో తమ బ్రాకెట్లని మర్చిపోవద్దు. రెండో, మూడో, నాలుగో హోమోటోపీ గ్రూపుల పరిమేయ డైమెన్షన్లు వరుసగా 2, 3, 2 వస్తే మీ లెక్క సరిపోయినట్టే. మూడో దాంట్లో 1 వచ్చిందంటే బేసి జనకాల గుర్తు దగ్గర తప్పు పడింది, మొదటి మెట్టులోని నియమం దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి.